మెడలో క్యాన్సర్ తిరగబెట్టింది: ఆపరేషన్‌తో పాటు లోపలే రేడియేషన్ గొట్టాలు పెడతామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కోనసీమ_కొడుకు (అమలాపురం)
అందరికీ నమస్కారం. నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. ఖైనీ అలవాటు చాలా ఏళ్లు ఉండేది. 2022లో కుడి బుగ్గ లోపల పుండు లేస్తే బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) అని వచ్చింది. బుగ్గకీ మెడకీ ఆపరేషన్ చేసి, తర్వాత 30 సిట్టింగుల్లో 60 గ్రే (గ్రే అంటే డోసు కొలత) కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. అప్పటి నుంచీ బాగానే ఉన్నారు. ఖైనీ మళ్లీ ముట్టలేదు.

ఈమధ్య అదే వైపు మెడలో గట్టిగా గడ్డ తగిలింది. సూది పరీక్షలో మళ్లీ అదే జబ్బు. పెట్ సీటీలో ఊపిరితిత్తులు, కాలేయం బాగున్నాయి. గడ్డ మాత్రం మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ రక్తనాళాన్ని ఆనుకుని ఉంది, చుట్టుకోలేదు అన్నారు.

సర్జన్ గారేమో గడ్డ తీసేస్తాను గానీ రక్తనాళం పక్కన కంటికి కనపడని కణాలు మిగిలే ప్రమాదం ఉంది, అందుకని ఆపరేషన్ టేబుల్ మీదే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు పరిచి, కొద్దిరోజులాగి వాటిలోంచి రేడియేషన్ ఇద్దాం అంటున్నారు. బ్రాకీథెరపీ అంటారట. ఇంకో ఊళ్లో రెండో అభిప్రాయం అడిగితే, ఒకసారి 60 గ్రే పడిన మెడను మళ్లీ కాల్చొద్దు, ఆపరేషన్ ఒక్కటే చాలు అన్నారు. ఇద్దరూ పెద్ద డాక్టర్లే. అమ్మ భయం వేరు. ఇంట్లో మా పాపకి రెండేళ్లు. తాతయ్య ఒంట్లో రేడియేషన్ పెట్టుకుని ఇంటికొస్తే పాపకేమవుతుందని. ఎవరైనా చేయించుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.

ఫిజిసిస్ట్_వైజాగ్
నేను రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్లు తేల్చాలి. మీ అమ్మగారి భయానికి మాత్రం నేను జవాబు చెప్పగలను.

మీ సర్జన్ చెప్పిన వివరాన్ని బట్టి అది హెచ్‌డీఆర్ (హై డోస్ రేట్, అంటే తక్కువ సమయంలో గట్టి డోసు ఇచ్చే) పద్ధతి. గడ్డ తీసిన చోట దాదాపు సెంటీమీటరు ఎడంతో ఖాళీ గొట్టాలు వరసగా పరిచి, కరిగిపోయే కుట్లతో కదలకుండా కడతారు. చివరలు చర్మం బయటికి తీసి బిగిస్తారు. ఆపరేషన్ రోజున వాటిలో రేడియేషన్ ఏమీ ఉండదు. తర్వాత సీటీ తీసి, ఏ గొట్టంలో ఎక్కడ ఎంతసేపు అన్నది మేము కంప్యూటర్ మీద లెక్కవేస్తాం. ట్రీట్‌మెంట్ గదిలో ఆ చివరలను మెషీన్‌కి కలుపుతాం. సన్నటి తీగ చివర రేడియేషన్ వెలువరించే కొన్ని మిల్లీమీటర్ల ఇరీడియం-192 ముక్క ఉంటుంది. అది ఒక్కో గొట్టంలోకి వెళ్లి, చెప్పిన చోట చెప్పినన్ని సెకన్లు ఆగి, తిరిగి మెషీన్‌లోకి వెళ్లిపోతుంది. అది వెనక్కి వెళ్లాక మీ నాన్నగారి ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. మనవరాలిని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు.

బయటి మెషీన్‌తో ఇచ్చే కరెంటుకీ దీనికీ అసలు తేడా దూరంలో ఉంది. దీపం పక్కన కూర్చుంటే అక్షరాలు కనిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి జరిగితే కనపడవు. ఇరీడియం ముక్క నుంచి డోసు కూడా అలాగే పడిపోతుంది. దూరం రెట్టింపైతే సుమారు నాలుగో వంతుకి తగ్గుతుంది. గడ్డ ఉన్న చోటుకి గట్టి డోసు పడుతుంది, ఇప్పటికే ఒకసారి భారం మోసిన వెన్నుపాముకి చాలా తక్కువ చేరుతుంది. మెడలో రెండోసారి రేడియేషన్ అన్నప్పుడు మాకు ముందు గుర్తొచ్చేది వెన్నుపామే.

ఇంకో మాట. ఇరీడియం బలం సుమారు 74 రోజులకి సగానికి పడిపోతుంది. అందుకే కొన్ని నెలలకోసారి కొత్తది మారుస్తారు. పాతబడిన ముక్కతో అదే డోసు ఇవ్వడానికి ఎక్కువ నిమిషాలు పడుతుంది. పక్క పేషెంట్‌కి తక్కువసేపు, మీకు ఎక్కువసేపు పట్టిందని కంగారు పడకండి.

గుంటూరు_అక్క
తమ్ముడూ, మా వారికి ఇదే చేశారు. నాలుక మొదట్లో క్యాన్సర్, కరెంటు అయ్యి రెండేళ్లు దాటాక మెడలో తిరగబెట్టింది. గడ్డ తీసి, గొట్టాలు పరిచి, పైన ఛాతీ నుంచి కండ తిప్పి కప్పారు. ఆపరేషన్ అయ్యాక వెంటనే మొదలుపెట్టలేదు. గాయం కాస్త పట్టుకోవాలని ఆగారు. తర్వాత పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రెండింటికీ మధ్య ఆరు గంటలైనా ఉండాలన్నారు.

గొట్టాల వల్ల నొప్పి అంతగా లేదు గానీ మెడ అటూ ఇటూ తిప్పలేకపోయారు. రాత్రుళ్లు నిద్రలో లాక్కుంటారేమోనని నేను పక్కనే కూర్చునేదాన్ని. తీసేటప్పుడు ముందే నొప్పి మందు ఇచ్చి బెడ్ మీదే లాగేశారు. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లలేదు.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. కుట్ల దగ్గర ఒకచోట చర్మం విడిపోయి వారాల తరబడి డ్రెస్సింగులు చేయాల్సి వచ్చింది. ముందు కరెంటు పడిన చర్మం త్వరగా మానదని డాక్టరమ్మ ముందే చెప్పారు, అందుకని బెదిరిపోలేదు. ఇప్పుడు మెత్తగా కలిపిన పప్పన్నం తింటున్నారు. కారం, గోంగూర లాంటివి నోరు భరించదు. మెడలో మళ్లీ ఏమీ రాలేదు.

కరీంనగర్_బిడ్డ
అన్నా, భయపెట్టుడు నా ఉద్దేశం కాదు. కానీ రెండో పక్క గూడ మీకు తెల్వాలె.

మా బాపుకు గూడ మెడల తిరగబెడితే ఆపరేషన్ చేసి మళ్ల రేడియేషన్ ఇచ్చిండ్రు. గాయంల చీము పట్టింది. నోట్లె నుంచి లాలాజలం మెడల నుంచి కారేది. ఒకనాడు డ్రెస్సింగు మీద కొద్దిగ ఎర్రటి రక్తం కనవడ్డది, దానంతల అదే ఆగింది. అది ముందు సూచన అని మాకెవ్వరు చెప్పలె. తెల్లారి పెద్ద రక్తనాళం పగిలింది. బాపు దక్కలె.

నేను ఆ ట్రీట్‌మెంటే తప్పు అంటలేను. బాపుకు నొప్పి చాన తగ్గింది, నెలల పాటు అందరితోని కూసోని మాట్లాడిండు. కానీ ఇంటికి పంపేటప్పుడు ఏ రక్తాన్ని చూసి ఉరకాలె, ఎట్ల అదిమి పట్టాలె అని నేర్పుమని అడగండి. అడగకుంట డిశ్చార్జి కావద్దు.

ఆంకాలజిస్ట్_హైదరాబాద్
కరీంనగర్ సోదరా, మీ నాన్నగారి విషయం చాలా బాధ కలిగించింది. మీరు రాసింది ఈ చర్చలో అందరూ చదవాల్సిన మాట. రేడియేషన్ పడిన మెడలో ఎర్రటి రక్తం కొంచెం కనపడినా, ఆగిపోయినా, అది అత్యవసరమే. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని, చెయ్యి తీయకుండా, దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి రెండైనా సరే.

అమలాపురం సోదరా, మీ ఇద్దరు డాక్టర్లూ ఒకే సమస్యకి రెండు వైపుల నుంచి మాట్లాడుతున్నారు. నేను రేడియేషన్ ఆంకాలజిస్ట్‌ని, మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి నా మాట వాళ్ల మాటకి బదులు కాదు. అయినా నాకు అర్థమైనంతలో చెప్తాను.

తిరగబెట్టిన గడ్డని పూర్తిగా తీయగలిగితే దానికి మించిన అవకాశం లేదు. ఆపరేషన్ తర్వాత మళ్లీ రేడియేషన్ ఇస్తే ఏమవుతుందని ఫ్రాన్స్‌లో 130 మందితో ఒక పోలిక అధ్యయనం చేసి 2008లో ప్రచురించారు. సగం మందిని కేవలం గమనించారు, సగం మందికి బయటి నుంచి రేడియేషన్, కీమో మళ్లీ ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో మెడలో జబ్బు తిరిగి రావడం తగ్గింది. మొత్తం ఆయుష్షు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. రెండేళ్లకి తీవ్రమైన దుష్ప్రభావాలు ఇచ్చినవాళ్లలో 39 శాతం, ఇవ్వనివాళ్లలో 10 శాతం. వద్దన్న మీ రెండో డాక్టర్ మనసులో ఇలాంటి లెక్కే ఉండి ఉంటుంది.

మొదటి డాక్టర్ వాదనకీ బలం ఉంది. ఆ అధ్యయనంలో ఇచ్చింది బయటి రేడియేషన్. గొట్టాలతో ఇచ్చేటప్పుడు మంచి కణజాలం మీద పడే డోసు బాగా తగ్గుతుంది, అన్నీ కలిపి నాలుగైదు రోజుల్లో పూర్తవుతుంది. మాలాంటి వాళ్లం మామూలుగా ఒక్కో విడత 3 నుంచి 4 గ్రే ఇస్తాం. కానీ దీని గురించి ఉన్న ఫలితాల్లో ఎక్కువ భాగం ఒక్కో ఆసుపత్రి తన పేషెంట్ల రికార్డులు తిరగేసి రాసుకున్నవి. కాబట్టి ఇది రుజువైన గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎంచుకున్న పేషెంట్లలో ఉపయోగపడే పద్ధతి అన్నంతవరకు నేను గట్టిగా చెప్పగలను.

ఎవరిని ఎంచుకోవాలి? మొదటి రేడియేషన్‌కీ ఇప్పటికీ రెండేళ్లు దాటి ఉండి, గడ్డని ఆపరేషన్‌తో తీయగలిగినవాళ్లు అందరికంటే మెరుగైన వర్గం. అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి రెండోసారి రేడియేషన్ పొందినవాళ్లని పరిశీలిస్తే, ఈ వర్గంలో రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు సుమారు 62 శాతం. రెండేళ్లలోపే తిరగబెట్టి, అప్పటికే ఆహారపు గొట్టమో శ్వాస గొట్టమో ఉన్నవాళ్లలో అది 17 శాతం దగ్గరే ఆగింది. మీ నాన్నగారు మొదటి వర్గంలోకి వస్తారు. ఖైనీ మానేయడం కూడా ఆయనకి చాలా మేలు చేసింది.

ఇక రక్తనాళం. రెండోసారి బయటి రేడియేషన్ తీసుకున్న 1,500 మందికి పైగా పేషెంట్ల వివరాలు కలిపి చూస్తే కెరోటిడ్ పగలడం 2.6 శాతం మందిలో జరిగింది. అలా పగిలినవాళ్లలో నలుగురిలో ముగ్గురు చనిపోయారు. అరుదే గానీ, జరిగితే ప్రాణాంతకం. దీన్ని తగ్గించేది ఫ్లాప్. ఛాతీ నుంచో తొడ నుంచో రేడియేషన్ తగలని కండ తెచ్చి రక్తనాళం మీద కప్పితే కొత్త రక్తప్రసరణ వస్తుంది, గాయం మానుతుంది. ఫ్లాప్ లేకుండా, సన్నటి పాత చర్మం కిందే గొట్టాలు పెడతామంటే నేనైతే వెనకాడతాను. ఆపరేషన్ తర్వాత కనీసం ఐదు రోజులు ఆగి మొదలుపెట్టేది కూడా గాయం కోసమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఈ నిర్ణయం ఆపరేషన్‌కి ముందే జరగాలి. కుట్లు వేశాక గుర్తొస్తే గొట్టాలు పెట్టే అవకాశం ఉండదు, అప్పుడు బయటి రేడియేషన్ ఒక్కటే మిగులుతుంది. గడ్డ తీసిన చోటుని సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరూ థియేటర్‌లో నిలబడి కళ్లారా చూసి, ఎక్కడ అనుమానం ఉందో వేలితో చూపించుకుని గొట్టాలు పరవాలి. కాబట్టి మొదటి డాక్టర్‌ని ఈ మాటలు అడగండి: ఆ రోజు థియేటర్‌లోకి బ్రాకీథెరపీ డాక్టర్ స్వయంగా వస్తారా? వాళ్లు ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, ఫ్లాప్ ఎవరు చేస్తారు? ఈ జవాబులు తృప్తిగా లేకపోతే రెండో డాక్టర్ మాటే క్షేమం.

పల్లె_వైద్యం
కోతలూ కరెంటూ ఎందుకండీ. మా ఊళ్లో ఒకాయన పసరు ఇస్తాడు, గొంతు క్యాన్సర్లు పదిమందికి తగ్గాయి. పథ్యం కఠినంగా ఉంటుంది అంతే.

వేదిక_నిర్వాహకులు
మీరు మంచి మనసుతోనే రాశారని అనుకుంటున్నాం. కానీ తీయగలిగే స్థితిలో ఉన్న గడ్డ పసరు తాగుతూ నెల రెండు నెలలు గడిపితే తీయలేని స్థితికి చేరుతుంది. రక్తనాళాన్ని ఆనుకున్న గడ్డ దాన్ని చుట్టేస్తే ఈ దారి మొత్తం మూసుకుపోతుంది. దయచేసి ఈ చర్చలో ఇలాంటి సలహాలు ఇవ్వకండి.

శ్రీకాకుళం_చెల్లి
మా అమ్మమ్మకి అంగిట్లో క్యాన్సర్. మా వైపు ముసలివాళ్లు చుట్ట అడ్డపొగ తాగుతారు కదండీ, నిప్పు నోట్లో పెట్టుకుని. అమ్మమ్మదీ అదే అలవాటు. అంగిటికి కూడా ఈ గొట్టాలు పెడతారా డాక్టర్ గారూ?

ఆంకాలజిస్ట్_హైదరాబాద్
అమ్మా, పుండు పైపైనే ఉండి ఎముకలోకి దిగకపోతే, నోటి అచ్చు తీసి, దానితో చేసిన పలకలో గొట్టాలు అమర్చి ఇచ్చే పద్ధతి ఉంది. ఎముకలోకి దిగితే ఆపరేషనే ముందు. సీటీ రిపోర్టుతో వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

డల్లాస్_తెలుగు
ఇక్కడ మా మామగారికి గొట్టాలు కాకుండా సీసియం-131 అనే రేడియేషన్ గింజలు శాశ్వతంగా పెట్టారు. బియ్యపు గింజంత ఉంటాయి. వలలాంటి మెష్‌కి కుట్టి గడ్డ తీసిన చోట పరిచారు, మళ్లీ తీయరు. బయట వేలాడే గొట్టాలు ఉండవు, సిట్టింగులు ఉండవు. ఇండియాలో ఇది దొరుకుతుందా?

ఫిజిసిస్ట్_వైజాగ్
శాశ్వత గింజల్లో మన దేశంలో తయారయ్యేది అయోడిన్-125. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం చేస్తుంది. ఇక్కడ ఎక్కువగా కంటి క్యాన్సర్లకి, ప్రోస్టేట్‌కి వాడతారు. చైనాలో మాత్రం తల, మెడ క్యాన్సర్లలో అయోడిన్ గింజల వాడకం బాగా ఉంది. మన దగ్గర గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసమని చాలా కేంద్రాల్లో హెచ్‌డీఆర్ మెషీన్ ఎలాగూ ఉంటుంది. అందుకే మెడకి కూడా ఎక్కువగా గొట్టాల పద్ధతే కనిపిస్తుంది.

సీసియం-131 బలం 9.7 రోజులకే సగమవుతుంది, నెల తిరిగేసరికి డోసులో 90 శాతం ఇచ్చేస్తుంది. అయోడిన్‌కి సగమవడానికి సుమారు 60 రోజులు. ఈ గింజలు పెట్టినవాళ్ల విషయంలో జాగ్రత్తలు వేరు. శక్తి తక్కువ కాబట్టి చాలావరకు ఒంట్లోనే ఆగిపోతుంది, అయినా కొన్ని వారాలు గర్భిణులు, పసిపిల్లలు ఎక్కువసేపు దగ్గరగా ఉండకూడదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కార్డు వెంట ఉంచుకోవాలి. చెప్పడం కష్టమే గానీ, తొలి నెలల్లో ఏదైనా జరగరానిది జరిగితే దహనానికి ముందు ఆసుపత్రికి తప్పకుండా చెప్పాలి. అమలాపురం వారికి ఇవేవీ వర్తించవు, మీది గొట్టాల పద్ధతి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. 2022లో రేడియేషన్ ఇచ్చిన చోటికి వెళ్లి పాత ప్లాన్ మొత్తం సీడీలో అడగండి. డిశ్చార్జి కాగితం మీద 60 గ్రే అని రాసుంటే సరిపోదు. వెన్నుపాముకి ఎంత, కెరోటిడ్‌కి ఎంత, దవడ ఎముకకి ఎంత పడిందో ప్లాన్‌లోనే ఉంటుంది. అది చేతిలో లేకపోతే కొత్త ప్లాన్ వేసేవాళ్లు ఊహతో లెక్క కట్టాల్సి వస్తుంది.

మింగుడు_థెరపిస్ట్
ఆపరేషన్‌కి ముందే మింగడం, మాట చూసే థెరపిస్ట్‌ని ఒకసారి కలవండి. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలిపించండి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఇప్పటి నుంచే వ్యాయామాలు మొదలుపెట్టాలి. రెండో రేడియేషన్ తర్వాత కండరాలు గట్టిపడ్డాక మొదలుపెడితే వచ్చే లాభం తక్కువ. ముక్కు గొట్టంతో ఆహారం ఇవ్వాల్సి వస్తే రాగిజావ ఒక్కటే పోస్తూ ఉండకండి, మాంసకృత్తులు అందకపోతే గాయం మానదు. డైటీషియన్‌తో లెక్క వేయించుకోండి.

నల్గొండ_అల్లుడు
మా అత్తమ్మకు గడ్డ రక్తనాళాన్ని చుట్టేసింది, ఆపరేషన్ కాదన్నరు. మరి మాలాంటోళ్లకు ఏం దారి డాక్టర్ గారూ?

ఆంకాలజిస్ట్_హైదరాబాద్
దారి ఉంది, లక్ష్యం మారుతుంది. మందులతో అదుపు, నొప్పి లేకుండా చూడటం. ముంబై టాటా మెమోరియల్‌లో ఇలాంటి పేషెంట్లకి నోటితో వేసుకునే మూడు మందులకి తోడు, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే ఇంజెక్షన్) కలిపి చూశారు. మామూలు మోతాదులో చాలా చిన్న భాగం అది. ఏడాదికి బతికి ఉన్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. పెద్ద మోతాదు కొనలేని మన కుటుంబాలకి ఇది నిజంగా పెద్ద విషయం. మీ డాక్టర్‌తో తప్పక మాట్లాడండి. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే) వైద్యులని కూడా ఈరోజే కలవండి, ఆఖరి రోజుల దాకా ఆగకండి.

కోనసీమ_కొడుకు (అమలాపురం)
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పాత ప్లాన్ సీడీ తెచ్చాను. మొదటి ఆసుపత్రిలో ట్యూమర్ బోర్డుకి (అన్ని విభాగాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే సమావేశం) నాన్ననీ కూర్చోబెట్టారు. బ్రాకీథెరపీ డాక్టర్ గారు థియేటర్‌కి స్వయంగా వస్తానన్నారు. ఛాతీ కండతో ఫ్లాప్ చేస్తామన్నారు. అంచు దగ్గర గడ్డ ముక్క తీసి అప్పటికప్పుడే పరీక్షించి, శుభ్రంగా ఉంటే గొట్టాలు పెట్టబోమని, అనుమానం ఉంటేనే పెడతామని చెప్పారు. ఆ మాట మాకు బాగా నచ్చింది. ఆరోగ్యమిత్రని కలిసి అనుమతికి కాగితాలు ఇచ్చాం.

కరీంనగర్ అన్న రాసింది నేను నాన్నకి చదివి వినిపించాను. దాచాలనిపించలేదు. అంతా విని, "గొంతులో గొట్టం ఎన్నాళ్లుంటుంది, మాట పోతుందా" అని డాక్టర్‌ని నాన్నే అడిగారు. శ్వాస గొట్టం కొన్నాళ్లే అని, మాట తిరిగి వస్తుందని చెప్పాక సంతకం ఆయనే పెట్టారు.

గుంటూరు_అక్క
మంచి నిర్ణయం తమ్ముడూ. ముందు గుండీలున్న చొక్కాలే పెట్టు, తల మీంచి వేసుకునేవి పనికిరావు. శ్వాస గొట్టం ఉన్నన్నాళ్లూ మాట రాదు కదా, పలకో పుస్తకమో మంచం మీదే ఉంచు. మా వారు చెప్పాలనుకున్నది నాకు అర్థం కాక కోపం తెచ్చుకునేవారు, పలక ఇచ్చాక తగ్గింది.

కరీంనగర్_బిడ్డ
మీ నాయిన మంచిగ బయటవడాలె అన్నా. రక్తం సంగతి డిశ్చార్జి నాడు మళ్ల అడుగు.

కోనసీమ_కొడుకు (అమలాపురం)
ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీశారు. కెరోటిడ్ వైపు అంచులో కణాలు కనపడ్డాయి, అందుకని గొట్టాలు పెట్టారు. ఫ్లాప్ రంగు బాగుందన్నారు. సిట్టింగులన్నీ పూర్తయ్యాయి, నిన్న గొట్టాలు తీసేశారు. రక్తం వస్తే ఎలా అదమాలో నర్సమ్మ నాతోనూ అమ్మతోనూ చేయించి చూపించారు. నాన్న పలక మీద మొదట రాసింది పాప పేరు. డాక్టర్ గారూ, ఇంటికెళ్లాక ఏం గమనించుకోవాలి?

ఆంకాలజిస్ట్_హైదరాబాద్
చాలా సంతోషం. గాయం పూర్తిగా మానేదాకా వారానికోసారి చూపించండి. కుట్ల దగ్గర తడి, వాసన, చర్మం నల్లబడటం, ఏది కనిపించినా ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లండి. కొత్త స్కాన్ సాధారణంగా మూడు నెలలకి తీస్తారు, అంతకుముందు తీస్తే వాపు ఏదో జబ్బు ఏదో తేల్చడం కష్టం. థైరాయిడ్ పరీక్ష ఆరు నెలలకోసారి చేయించండి, మెడకి రేడియేషన్ పడినవాళ్లలో అది మందగించడం మామూలే. పన్ను నొప్పి వస్తే బయట ఎక్కడా పీకించొద్దు. రెండుసార్లు డోసు పడిన దవడ ఎముక మానక కుళ్లిపోయే ప్రమాదం ఉంది, ముందు మీ రేడియేషన్ డాక్టర్‌ని అడిగాకే ఏదైనా.